మున్నార్ మలుపుల్లో...

చీకటి పడేలోగా చిన్నార్ చెక్‌పోస్టు దాటాలి. లేదంటే ఆ రాత్రికి ఉడుమలైపేటలోనే గది వెతుక్కోవాలి. అడవిదారి కాబట్టి రాత్రిపూట బండ్లను వదలరు. సొంతకారులో మున్నార్ బయల్దేరే తెలుగు కుటుంబాలు ముందుగా తెలుసుకోవాల్సిన సంగతి ఇదే. హోటల్ బుకింగ్‌లూ స్వెట్టర్లూ అన్నీ దీని తర్వాతే!

హైదరాబాద్ నుంచి అయితే వెయ్యి కిలోమీటర్ల పైమాటే. బెంగళూరులో ఒక రాత్రి ఆగి, తెల్లవారుజామునే లేచి హోసూరు, సేలం, ఈరోడ్, ధారాపురం మీదుగా ఉడుమలైపేట చేరుకోవచ్చు. విజయవాడ వైపు నుంచి వచ్చేవాళ్లు చెన్నై, తిరుచ్చి, దిండిగల్ మీదుగా వచ్చి, పళనిలో సుబ్రహ్మణ్యస్వామికి దణ్ణం పెట్టుకుని ఇటు తిరగొచ్చు. కొచ్చి దాకా విమానంలోనో రైల్లోనో వెళ్లి, నేరియమంగళం, అడిమాలి మీదుగా పైకెక్కడం ఇంకో పద్ధతి. చాలామంది చేసేది అదే. కానీ కొండను దాని అసలు రూపంలో చూడాలంటే ఉడుమలైపేట దారే సరైంది. 85 కిలోమీటర్లలో నాలుగు రకాల లోకాలు కనిపిస్తాయి.

మొదటిది ఉడుమలైపేట. కొబ్బరితోటలు, వాటి మీద తాపీగా తిరిగే గాలిమరలు. పాలక్కాడ్ కనుమలోంచి దూసుకొచ్చే గాలి ఇక్కడి వాళ్లకు కరెంటు ఇస్తోంది. ఈ చుట్టుపక్కల పల్లెల్లో తరతరాలుగా ఇళ్లలో తెలుగు మాట్లాడుకునే కుటుంబాలు ఉన్నాయి. కారు నంబరుప్లేటు చూసి ఏ కాఫీ హోటల్లోనో ఎవరో ఒకరు ‘ఏ ఊరండీ మీది?’ అని తమిళ యాసలో పలకరిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. నాయకరాజుల కాలంలో వలస వచ్చినవాళ్ల వారసులు. ఆ పలకరింపు కోసమైనా అక్కడ ఓ కాఫీ తాగి కదలాలి.

పట్నం దాటగానే రెండో లోకం. అమరావతి జలాశయం (మన అమరావతి కాదు, కావేరికి ఉపనది) పక్కకు ఉండిపోతుంది. అందులో మొసళ్లున్నాయి. ఆనమలై పులుల అభయారణ్యం, దాన్ని ఆనుకుని కేరళవైపు చిన్నార్ అభయారణ్యం. కారు అద్దాలు దించి చూస్తూ వెళ్లేవాళ్లు కాస్త నిరాశపడతారు. పచ్చటి కొండలకని వస్తే ఇక్కడ ముళ్లచెట్లూ బండరాళ్లూ బ్రహ్మజెముడూ! ఏ అనంతపురం దారిలోనో ఉన్నట్టు ఉంటుంది. కారణం ఆ పైనున్న కొండలే. నైరుతి రుతుపవనం అరేబియా సముద్రం మీంచి మోసుకొచ్చిన నీళ్లన్నీ పడమటి వాలు మీదే గుమ్మరించేస్తుంది. కొండ దాటి ఇటు వచ్చేసరికి మబ్బు ఖాళీ. అందుకే చిన్నార్ కేరళలో ఉన్నా కేరళలా ఉండదు. చుక్కల తాబేళ్లు, బూడిదరంగు పెద్ద ఉడతలు ఉండేది ఈ ఎండు అడవిలోనే. ఏనుగులూ ఉంటాయి. కనిపిస్తే కారు దిగకూడదు, హారన్ కొట్టకూడదు, సెల్ఫీ మాట అసలే తలపెట్టకూడదు. దారి ఆయనది, వెళ్లిపోయేదాకా ఆగాలి. అంతే.

మూడో లోకం మరయూర్. రోడ్డుకు అటూ ఇటూ ఇనుప కంచెలు. జైలుకి వేసినంత గట్టిగా ఎందుకు వేశారా అనుకుంటారు కొత్తవాళ్లు. లోపల ఉన్నవి గంధపు చెట్లు. కేరళలో సహజంగా పెరిగే గంధపు అడవి ఇది. చెట్టు నిలబడి ఉన్నప్పుడు వాసనేమీ రాదు. పరిమళమంతా చేవలోనూ వేళ్లలోనూ ఉంటుంది. దొంగలకు ఆ సంగతి బాగా తెలుసు కాబట్టే ఇన్ని కంచెలూ ఇంతమంది కాపలావాళ్లూ. కొంచెం ముందుకెళితే చెరకు చేలు, పాకలు, పాకల్లోంచి పొగ. బెల్లం వండుతుంటారు. అనకాపల్లి బెల్లం ఎరిగినవాళ్లకు ఇక్కడ పని కొత్తేమీ కాదు. కాకపోతే దిమ్మలుగా పోయరు, వేడిగా ఉండగానే చేత్తో ఉండలు చేస్తారు. మరయూర్ బెల్లానికి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పాకలోకి వెళ్లి అడిగితే వేడివేడి ఉండ ఒకటి చేతిలో పెడతారు. పిల్లలకు ఈ ప్రయాణం మొత్తంలో గుర్తుండిపోయేది అదే కావచ్చు.

ఇక నాలుగోది. తలయార్ దగ్గర ఒక మలుపు తిరగ్గానే టీ తోట మొదలవుతుంది. మొదలవడమంటే మామూలుగా కాదు. కొండకి ఎవరో పచ్చటి దుప్పటి కప్పి, దాని మీద దువ్వెనతో పాపిళ్లు తీసినట్టు. కారులో ఉన్నవాళ్లంతా ఒక్కసారి మాటలాపేస్తారు. లక్కం జలపాతం దగ్గర ఆగి నీళ్లలో కాళ్లు పెట్టి, మళ్లీ బయల్దేరి, ప్రతి మలుపు దగ్గరా ‘ఆపండి... ఆపండి’ అనడం. ఆ 40 కిలోమీటర్లు రెండుగంటల్లో దాటిన కుటుంబం లేదు.

ప్రకృతి అందం అంటుంటారు గానీ, నిజానికి ఇది ప్రకృతి కాదు. మనిషి చేసిన పని. టీ అనేది మొక్క కాదు, చెట్టు. వదిలేస్తే ఇల్లెత్తు పెరుగుతుంది. నాలుగైదేళ్లకోసారి నడుం ఎత్తుకు నరికి, వారం పదిరోజులకోసారి చివుళ్లు గిల్లుతూ దాన్ని ఎప్పటికీ పొదలాగే ఉంచుతారు. అలా వందేళ్లు బతుకుతుంది, వందేళ్లూ చివుళ్లిస్తూనే ఉంటుంది. మధ్యమధ్య నీడకి నిలబెట్టిన సిల్వర్ ఓక్ చెట్లది ఆస్ట్రేలియా. అసలు ఇక్కడ ఉండాల్సింది గడ్డిమైదానాలూ, లోయల్లో చిక్కటి షోలా అడవులూ. 1877లో జాన్ డేనియల్ మన్రో అనే ఇంగ్లిష్ అధికారి పూంజార్ రాజుగారి దగ్గర 227 చదరపు మైళ్ల కొండను కౌలుకి తీసుకున్నాడు. కౌలు ఏడాదికి 3,000 రూపాయలు! కాఫీ వేశారు, సింకోనా వేశారు, ఏలకులు వేశారు. 1880లో ఎ.హెచ్.షార్ప్ అనే దొర పార్వతి అన్నచోట యాభై ఎకరాల్లో టీ వేశాడు. అది పట్టింది. ఆ తర్వాత మిగిలినవన్నీ పక్కకి జరిగాయి.

కొండ దొరలది, మరి చేతులో? అవి కింద తమిళ మైదానాల నుంచి వచ్చాయి. తిరునల్వేలి, రామనాథపురం, మదురై ప్రాంతాల్లో కరువు పడ్డప్పుడల్లా కంగాణీలనే మేస్త్రీలు ఊళ్లమీద పడి, బయానా ఇచ్చి, కుటుంబాలకు కుటుంబాలనే కొండెక్కించారు. అందుకే కేరళలో ఉన్న మున్నార్‌లో ఇవాళ్టికీ వినిపించే భాష తమిళమే. తోటలో పనిచేస్తున్నామెను ‘అక్కా’ అని పిలవడానికి తెలుగువాళ్లు కొత్తమాట నేర్చుకోనక్కర్లేదు. ఫొటో తీసుకుంటామంటే చాలామంది కాదనరు. కానీ చివుళ్ల బుట్ట తీసుకుని తగిలించుకుని ఫోజులిస్తూ పావుగంట ఆమెను నిలబెట్టేస్తుంటారు కొందరు. ఆ పావుగంట ఆమె కూలిలోంచి పోతుందని వాళ్లకి తట్టదు.

ఎందుకంటే ఇక్కడ లెక్క కిలోల్లో. 2015 నాటికి రోజుకి కనీసం 21 కిలోల ఆకు తెంపాలి, కూలి 232 రూపాయలు. ఆపైన తెంపిన దానికి కిలోకింతని అదనం. రెండు లేతాకులూ మధ్యలో మొగ్గా... ఇంతే తెంపాలి. ముదురాకు కలిస్తే తూకందగ్గర తీసేస్తారు. ఇప్పుడు చాలాచోట్ల చేత్తో గిల్లడం తగ్గి, సంచి తగిలించిన పెద్ద కత్తెరలు వచ్చాయి. పని వేగం పెరిగింది, భుజాల నొప్పులూ పెరిగాయి. కాళ్లకు జలగలు పట్టకుండా, మంచుకు తడవకుండా నడుముకి ప్లాస్టిక్ పట్టాలు చుట్టుకుంటారు. నాలుగున్నర కిలోల పచ్చాకు ఎండితే కిలో టీ పొడి. కప్పుకి రెండు గ్రాముల పొడి అనుకుంటే ఆమె ఒక్కరోజు తెంపిన 21 కిలోలు రెండువేల మూడొందల కప్పులు. 232 రూపాయల్ని వాటికి పంచి చూడండి. కప్పుకి పది పైసలు! 2015లో వీధిచివర టీ బండి మీద కప్పు ఎంతకి తాగారో ఎవరికి వాళ్లే గుర్తుతెచ్చుకోవాలి.

ఆ ఏడాది సెప్టెంబరులో వేలమంది ఆడవాళ్లు బుట్టలు పక్కనపడేసి మున్నార్ రోడ్డు మీద కూర్చున్నారు. అంతకుముందు ఇచ్చే 20 శాతం బోనస్ ఆ ఏడాది 10 శాతానికి తగ్గింది. అదీ మొదటి నిప్పురవ్వ. తమాషా ఏమిటంటే వాళ్లు కంపెనీ మీద ఎంత మండిపడ్డారో తమ యూనియన్ నాయకుల మీదా అంత మండిపడ్డారు. దశాబ్దాలుగా తమ తరఫున మాట్లాడుతున్నామంటున్న మగనాయకుల్ని దగ్గరికి రానివ్వలేదు. వచ్చినవాళ్లని తరిమారు. ‘పెంబిళై ఒరుమై’ అని పేరు పెట్టుకున్నారు, ఆడవాళ్ల ఐక్యత అని అర్థం. పర్యాటకుల సీజన్ ఆగిపోయింది, ఊరు స్తంభించింది. తొమ్మిది రోజులయ్యాక బోనస్, దానిమీద అదనపు మొత్తం కలిపి 20 శాతం ఇచ్చేందుకు ఒప్పందం కుదిరింది. కూలి 500 చేయాలన్న రెండో కోరిక మాత్రం అంత తేలిగ్గా తీరలేదు. చర్చలమీద చర్చలు జరిగి 301 దగ్గర ఆగింది. ఇందులో ఇంకో చిక్కుముడి కూడా ఉంది. 2005లో పాత యాజమాన్యం తప్పుకున్నాక ఏర్పడిన తోటల కంపెనీలో అత్యధిక వాటాలు ఉద్యోగులవే. అంటే రోడ్డెక్కిన ఆడవాళ్లలో చాలామంది కాగితం మీద ఆ కంపెనీకి యజమానులు!

రాజమల గేటు దగ్గర

మరయూర్ నుంచి వస్తుంటే మున్నార్ ఇంకా కొద్ది కిలోమీటర్లు ఉందనగా రాజమల వస్తుంది. ఎరవికులం జాతీయ పార్కుకి దారి. కారు కిందే పెట్టి అటవీశాఖ బస్సులో పైకి వెళ్లాలి. ఈ పార్కు 97 చదరపు కిలోమీటర్లు. ఒకప్పుడు తోటల దొరలకు వేట మైదానం. వాళ్లే దీన్ని దున్ని టీ వేయకుండా వదిలేశారు, వేటకి జంతువులుండాలిగా! ఆ స్వార్థమే ఓ మేలు చేసింది. 1978లో జాతీయ పార్కు అయింది. నీలగిరి తార్ అనే కొండమేకలు ప్రపంచంలో ఎక్కువగా మిగిలింది ఇక్కడే. తమిళంలో ‘వరయాడు’ అంటారు. వరై అంటే కొండచరియ, ఆడు అంటే మేక. మనుషులకి బొత్తిగా భయపడవు. రోడ్డు పక్కన నిలబడి బస్సులో వాళ్లని చూస్తుంటాయి. పిల్లల్ని ఈనే కాలం కాబట్టి ఫిబ్రవరి, మార్చి నెలల్లో సందర్శకులకు గేటు మూసేస్తారు. వేసవి సెలవులకు ముందుగానే ప్లాన్ చేసుకునేవాళ్లు ఇది చూసుకోవాలి. పైనున్న ఆనముడి ఎత్తు 2,695 మీటర్లు. హిమాలయాల్ని పక్కనపెడితే దక్షిణాన ఇంతకు మించిన శిఖరం లేదు. ఆంధ్రలో ఎత్తయిన కొండలు 1,700 మీటర్ల లోపే అని గుర్తుచేస్తే పిల్లలకు తేడా తెలుస్తుంది.

నీలకురింజి పూసేదీ ఈ వాలుల్లోనే. పన్నెండేళ్లకోసారి. 2006లో పూసింది. 2018లో పూసే వేళకి ఆగస్టు వరదలొచ్చి కేరళ అంతా మునిగింది. మరయూర్ దారిలోని పెరియవరై వంతెన కొట్టుకుపోయింది. హోటళ్లవాళ్లు పన్నెండేళ్లు ఎదురుచూసిన సీజన్ అలా ముగిసింది. పూలు మాత్రం పూశాయి. మళ్లీ 2030లో.

పార్కు చూసి వెనక్కి తిరిగేవాళ్లలో చాలామందికి తెలియని విషయం... అదే రోడ్డు ఇంకా ముందుకెళ్తుంది. పెట్టిముడికి. అక్కడ పర్యాటకులు చూసేదేమీ లేదు. 2020 ఆగస్టు 6 దాకా అక్కడ తోట కార్మికుల లయాలు ఉండేవి. లయమంటే లైను. ఒకే కప్పు కింద వరుసగా కట్టిన గదులు, కుటుంబానికి ఒక వాటా. దొరల కాలంనాటి పద్ధతి. ఆ రాత్రి రోజుల తరబడి కురుస్తున్న వానకి పైకొండ జారి నాలుగు లయాలమీద పడింది. నిద్రలో ఉన్న 70 మంది పోయారు. కరెంటు లేదు, అందువల్ల ఫోన్లూ లేవు. బయటి ప్రపంచానికి తెలిసేసరికి తెల్లవారింది. మరునాడు రాత్రి కోళికోడ్‌లో విమానం కూలింది. టీవీలన్నీ అటు తిరిగాయి. విమానంలో పోయినవాళ్ల కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం పది లక్షలు ప్రకటించింది. పెట్టిముడి వాళ్లకి ఐదు లక్షలు. ఎందుకీ తేడా అని తోటల్లో అడిగారు, కేరళ పత్రికలూ అడిగాయి.

నలుగురి ఆచూకీ ఎప్పటికీ దొరకలేదు. కువి అనే పెంపుడు కుక్క రోజుల తరబడి తిండి మానేసి ఏటిగట్టున తిరిగింది. వారం దాటాక ఒకచోట నిలబడి నీళ్లవైపు చూస్తూ కదలకపోతే వెతుకుతున్నవాళ్లు అక్కడ దిగి చూశారు. దానితో ఆడుకునే రెండేళ్ల పాప.

ఎందుకు లయాలు ఇంకా కొండకిందే ఉన్నాయి? తోట కార్మికులకు ఇళ్లు కట్టించాల్సింది యజమానులేనని 1951 నాటి తోటల కార్మికుల చట్టం చెప్పింది. వినడానికి మంచిదే. కానీ ఆ ఇల్లు పని ఉన్నంతవరకే. రిటైరైతే ఖాళీ చేయాలి, లేదా పిల్లల్లో ఒకరైనా తోటలో చేరాలి. చదువుకున్న పిల్లాడు వేరే ఉద్యోగం చూసుకుంటే ముసలి తల్లిదండ్రులకు నీడ పోతుంది. అందుకే నాలుగు తరాలుగా ఈ కొండమీదే పుట్టి పెరిగినవాళ్లకి కొండమీద సెంటు భూమి లేదు. ఇప్పుడు పిల్లలు తోటల్లోకి రావడం తగ్గింది. ఆ ఖాళీల్లోకి జార్ఖండ్, అస్సాం, ఒడిశాల నుంచి కొత్తవాళ్లు వస్తున్నారు. నూటయాభై ఏళ్ల కిందటి కంగాణీ కథే, ఊళ్లే మారాయి. 2024 జులై 30 తెల్లవారుజామున వయనాడ్‌లో ముండక్కై, చూరల్‌మల కొట్టుకుపోయినప్పుడు కూడా పోయినవాళ్లలో లయాల్లోని టీ కూలీలున్నారు.

ఊరు, రైలు, టీ పొడి

మున్నార్ ఊరు చిన్నది. కాస్త ఇరుకు, కాస్త గందరగోళం. సెలవుల్లో అయితే బజారు దాటడానికి గంట పడుతుంది. మూన్ను అంటే మూడు, ఆరు అంటే ఏరు. ముతిరప్పుళ, నల్లతన్ని, కుండల అనే మూడు ఏర్లు కలిసేచోటు కాబట్టి మున్నార్. కొండమీద ఒక పాత రాతి చర్చి ఉంది, 1910 నాటిది. దాని వెనక శ్మశానం మాత్రం అంతకంటే పాతది. 1894లో కలరాతో చనిపోయిన ఓ ఇంగ్లిష్ యువతి సమాధి ముందు వచ్చింది, చర్చి పదహారేళ్ల తర్వాత వచ్చింది.

ఇక్కడ ఒకప్పుడు రైలు నడిచిందంటే నమ్మరు. 1902లో మున్నార్ నుంచి టాప్ స్టేషన్‌కి ఒంటిపట్టా మీద నడిచే మోనో రైలు వేశారు. లాగేవి ఎద్దులు! 1908లో దాన్ని తీసి రెండడుగుల వెడల్పు పట్టాలు వేసి ఇంజిన్ పెట్టారు. టీ పెట్టెలు టాప్ స్టేషన్‌కి రైల్లో, అక్కణ్నుంచి తాళ్లమీద వేలాడుతూ కిందనున్న కొట్టకుడికి, అక్కణ్నుంచి ఎడ్లబండ్లమీద బోడినాయకనూరుకి, ఆపైన ఓడలో ఇంగ్లండుకి. లండన్‌లో ఎవరో దొరసాని కప్పు ఎత్తాలంటే ఇంత జరగాలి. 1924 జులైలో వరదొచ్చి ఆ రైలును, స్టేషన్‌ను, ఊరిని తుడిచిపెట్టేసింది. మలయాళ శకం 1099 కాబట్టి కేరళలో ఇప్పటికీ దాన్ని ‘తొంభైతొమ్మిది వరద’ అనే అంటారు. రైలు మళ్లీ వేయలేదు. అప్పటి కొండదారి కూడా దెబ్బతినడంతో నేరియమంగళం, అడిమాలి మీదుగా కొత్తదారి వేశారు. పెరియార్ మీద నేరియమంగళం కమాను వంతెన 1935 నాటిది. టాప్ స్టేషన్ ఇప్పుడు పేరుకే స్టేషన్. మున్నార్‌కి 32 కిలోమీటర్లు. మట్టుపెట్టి, కుండల జలాశయాల పక్కనుంచి వెళ్లాలి. పొద్దున్నే వెళ్తే కిందంతా తమిళనాడు కనిపిస్తుంది, పదింటికి వెళ్తే మబ్బు తప్ప ఏమీ కనిపించదు.

నల్లతన్ని ఎస్టేట్‌లోని టీ మ్యూజియంలో ఆకు పొడిగా మారడం దగ్గరుండి చూడొచ్చు. వచ్చిన ఆకుని ముందు గాలికి వాడబెడతారు. తర్వాత పళ్లున్న రోలర్ల మధ్య నలిపి, చింపి, చుట్టేస్తారు. నలిగిన ఆకు గాలి తగిలి ఆకుపచ్చ నుంచి రాగిరంగుకి తిరుగుతుంది. కోసిన ఆపిల్ ముక్క నల్లబడినట్టే. ఆ మార్పుని ఎక్కడ ఆపాలో తెలియడమే టీ మేకరు విద్య. వేడిగాలితో ఆరబెట్టగానే అది అక్కడికి ఆగిపోతుంది. తెలుగిళ్లలో పాలుపోసి మరిగించేదీ, ఇరానీ హోటల్లో గంటల తరబడి కాగేదీ ఈ గుండ్రటి గింజల టీనే. ఆకుని నలపకుండా మెల్లగా మెలితిప్పి చేసేది ఆర్థడాక్స్ టీ. దాన్ని కొనుక్కొచ్చి పాలల్లో వేసి మరిగించి, ‘అబ్బే, మున్నార్ టీ ఏం బాలేదు’ అనేవాళ్లు చాలామంది. వేణ్నీళ్లలో మూడు నిమిషాలుంచి వడగట్టాలి. పాలు వద్దు. ఇంటాయనకి నచ్చకపోతే మామూలు పొడే కొనుక్కోవడం ఉత్తమం.

డిసెంబరు, జనవరిల్లో వెళ్తే తెల్లారగట్ల గడ్డిమీద మంచు గడ్డకట్టి ఉంటుంది. ఫొటోలకి బాగుంటుంది. టీ చివుళ్లకి బాగుండదు, ఎండ పడగానే మాడిపోతాయి. ఆ వారాల్లో తోటల్లో పనీ తగ్గుతుంది, అదనపు కూలీ తగ్గుతుంది.

తిరుగు దారి

వచ్చినదారినే వెళ్లకుండా దేవికులం, గ్యాప్ రోడ్డు మీదుగా బోడిమెట్టు దిగడం మంచిది. గ్యాప్ రోడ్డు పేరు విన్నవాళ్లకు కొండచరియలే గుర్తొస్తాయి. వెడల్పు చేయడానికి రాయి పేలుస్తుంటే 2019, 2020ల్లో పదేపదే విరిగిపడింది. మున్నార్, బోడిమెట్టుల మధ్య విస్తరించిన రోడ్డును 2024 జనవరిలో ప్రారంభించారు. ఇప్పుడు నున్నగా, వెడల్పుగా ఉంది. వానాకాలంలో మాత్రం బయల్దేరే ముందు దారి తెరిచి ఉందో లేదో కనుక్కోవాలి. కొండని నిలువునా కోస్తే అది ఊరుకోదు. 2025 అక్టోబరులో అడిమాలి దగ్గర చరియ పడి ఒకరు చనిపోయినప్పుడూ స్థానికులు రోడ్డు తవ్వకాల వైపే వేలుచూపారు. పర్యాటకులు గంట ముందు చేరడానికి వేసే రోడ్డు కదా అని మురిసిపోయేముందు ఆ రోడ్డు కింద ఎవరి ఇళ్లున్నాయో చూడాలి.

ఈ దారిలోనే చిన్నక్కనాల్. అరికొంబన్ ఊరు. అరి అంటే బియ్యం, కొంబన్ అంటే దంతాలవాడు, అంటే మన ‘కొమ్ము’లవాడు. రేషన్ షాపులు బద్దలుకొట్టి బియ్యం తినడం అలవాటు చేసుకున్న ఏనుగు. 2023 ఏప్రిల్ 29న మత్తుమందిచ్చి లారీలో పెరియార్ అడవికి తరలించారు. నెల తిరిగేలోగా కంబం పట్నం వీధుల్లో తేలింది. చివరికి తమిళనాడువాళ్లు పట్టుకుని దక్షిణాన ముండంతురై అడవిలో వదిలారు. మున్నార్‌లో ఇంకో పెద్ద ఏనుగు ఉంది, పేరు పడయప్పా. రజనీకాంత్ సినిమా పేరు. తెలుగులో ‘నరసింహ’ అన్నమాట! జీపు కొలుక్కుమలైకి వెళ్లేదీ ఈ చుట్టుపక్కల నుంచే. ఆ తోట తమిళనాడుది, దారి మాత్రం కేరళ వైపునుంచే. సొంతకారుతో ప్రయత్నించకూడదు. ఆ రాళ్లకి జీపులే ఏడుస్తాయి.

పూప్పార దాటాక టీ అయిపోయి ఏలకుల తోటలు వస్తాయి. చిక్కటి నీడ, తడిమట్టి వాసన. బోడిమెట్టు సరిహద్దు. అక్కణ్నుంచి 17 హెయిర్‌పిన్ మలుపులు దిగితే బోడినాయకనూరు, ఏలకుల వేలానికి పేరున్న ఊరు. దిగేటప్పుడు రెండో గేరులోనే ఉండాలి. బ్రేకు మీదే కాలుంచి దిగితే సగం దూరానికి కాలిన వాసన వస్తుంది. నూట్రల్ చేసి పెట్రోలు మిగుల్చుకోవాలనే తెలివి అస్సలు వద్దు. వెనకసీట్లో పిల్లలకి తల తిరుగుతుంటే నిమ్మకాయ వాసన చూపించడం కంటే పది నిమిషాలు కారు ఆపి దింపడమే మేలు. ప్రతి మలుపులోనూ హారన్. అన్నిటికంటే ముఖ్యం, ఘాట్‌లో ఎక్కే బండికే దారి.

పొద్దున ఏడింటికి దిగేవాళ్లకి ఆ సూత్రం బాగా అవసరపడుతుంది. ఎందుకంటే అప్పుడే కిందనుంచి జీపులు వరసగా పైకొస్తుంటాయి. ఒక్కోదాంట్లో కిక్కిరిసి ఆడవాళ్లు, వెనక తలుపు దగ్గర కాలు ఆనించి ఇంకొందరు. ఒళ్లో టిఫిన్ క్యారియర్లు. తేని జిల్లా ఊళ్లనుంచి ఏలకుల తోటల్లో పనికి రోజూ కొండెక్కి రోజూ దిగేవాళ్లు. మలుపులో జీపు కనిపించగానే దిగే కారు ఓ పక్కకి ఒరిగి ఆగాలి. ఒకటి వెళ్తుంది, వెనకే రెండోది, మూడోది. ఏడెనిమిది వెళ్లాకగాని కింద దారి ఖాళీ అవదు.